దేవుడి ఫోటో తీసేయమన్న తమ్ముడికి మళ్లీ నమ్మకం, నవ్వు వస్తాయా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి ఇరవై ఏడేళ్లు. ఆరు నెలల కింద బైక్ యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతిని నడుం కింద స్పర్శ పోయింది, ఇక నడవడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. ఏటా హనుమాన్ మాల వేసుకుని కొండగట్టు పోయే పిల్లవాడు ఇప్పుడు గదిలో ఉన్న స్వామి ఫోటో తీసేయమన్నాడు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. అమ్మేమో పూటకో మొక్కు మొక్కుతోంది. వాడికి మళ్లీ దేవుడి మీద నమ్మకం, బతుకు మీద ఇష్టం వస్తాయా, మేమేం చెయ్యాలి అని అడిగారు.

వస్తాయి. కానీ మీరనుకుంటున్న వరసలో రావు. నమ్మకం తిరిగొస్తే సంతోషం దానంతటదే వస్తుందని ఇంట్లో అందరూ ఆ ఫోటో చుట్టూ తిరుగుతున్నారు. నేను చూసినంతలో ముందు ఒళ్లు కుదుటపడాలి, అప్పుడు ఏదో ఒక పిచ్చి విషయానికి నవ్వొస్తుంది, ఆ మీదట చేతికి ఏదో పని దొరుకుతుంది. దేవుడి సంగతి ఆ తర్వాతెప్పుడో. ఆరు నెలలకు ఏదీ తేలదు. ఫోటో మళ్లీ గోడకు పెట్టకండి, అలాగని పారెయ్యకండి కూడా.

ఇంత గట్టిగా చెప్పడానికి నేనెవరినంటే, మాది నల్గొండ జిల్లా, గీత కార్మికుల ఇల్లు. 2005 మార్చిలో నాయినకు జ్వరమొస్తే ఆయన చెట్లు నేనెక్కుతూ తాటిచెట్టు మీంచి పడ్డాను. అప్పుడు నాకు ఇరవై నాలుగు. నడుం దగ్గర ఎల్1 పూస నుజ్జయింది. అప్పట్నుంచీ కుర్చీయే. ఇప్పుడు మండల కేంద్రంలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను, పొద్దస్తమానం పెళ్లి కార్డులూ దరఖాస్తులూ టైప్ చెయ్యడమే పని. ఎవరైనా కొత్తగా ఇలా పడ్డారని తెలిస్తే వాళ్లింటికి వెళ్లి కూర్చుంటాను, ఇప్పటికి యాభై అరవై ఇళ్లు తిరిగి ఉంటాను. డాక్టర్ని కాదు, పంతుల్ని అంతకన్నా కాదు.

ముందు ఆ ఫోటో సంగతి. వాడు దేవుడి మీద కోపంతోనే తీసేయమన్నాడని మీరు రాశారు. అయ్యుండొచ్చు. కానీ ఒకటి అడుగుతాను, ఆ ఫోటో వాడి మంచానికి ఎదురుగా ఉండేదా? వాడికి డైపర్ మార్చేది, ఒళ్లు తుడిచేది ఆ గదిలోనేనా?

నాది చెబుతాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మా అమ్మ మంచానికి ఎదురుగా యాదగిరిగుట్ట నరసింహస్వామి క్యాలెండర్ తగిలించింది, కళ్లు తెరిస్తే స్వామి కనపడాలని. దొడ్డికి మంచంలోనే. ఎప్పుడొస్తుందో నాకు తెలియదు, వాసనొస్తేనే తెలిసేది. ఇరవై నాలుగేళ్ల కొడుకును పక్కకు దొర్లించి అమ్మ కడుగుతుంటే ఎదురుగా స్వామి చూస్తుంటాడు. స్నానం చెయ్యకుండా దేవుడి గదిలోకి అడుగు పెట్టనివ్వని ఇల్లు మాది. ఆగస్టులో ఒకరోజు ఆ క్యాలెండర్ తీసెయ్ అని అరిచాను. వీడికి దేవుడి మీద విరక్తి పుట్టిందని ఊరంతా అనుకున్నారు. కోపం లేదని కాదు, ఉంది. కానీ సగం సిగ్గు. ఆయన ముందు అలా పడి ఉండలేకపోయాను. ఆ మాట ఎవరికైనా చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీ వాడికీ ఇదే అని అనడం లేదు, ఇదీ ఒక కారణం కావచ్చని మీ మనసులో పెట్టుకోండి, అంతే. వాణ్ణి నిలదీసి అడగొద్దు.

అందుకే ముందు ఒళ్లు చూడండి అనేది. దేవుడి గురించి అడిగితే మూత్రం గురించి చెబుతున్నాడేంటి అనుకోకండి, రెండూ ఒకటే ఇక్కడ. మంచం మీద ఉన్నప్పుడు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. కుర్చీలో కూర్చుంటే పదిహేను ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద బరువేసి తనంతట తాను పైకి లేవాలి, లేకపోతే పుండ్లు పడతాయి. నాకు రెండో ఏడు వెన్ను చివర పుండు పడి నాలుగు నెలలు బోర్లా పడుకున్నాను, ఆ నాలుగు నెలల్లో చచ్చిపోదామని అనుకున్నన్నిసార్లు పడ్డ కొత్తలో కూడా అనుకోలేదు. మూత్రానికి బ్యాగు పెట్టి వదిలేశారా? డాక్టర్‌ని అడిగి, వాడికి సరిపోతుందంటే, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్న గొట్టంతో తానే తీసుకోవడం నేర్పించండి. దొడ్డికి రోజూ ఒకటే టైమ్ అలవాటు చెయ్యండి, కొన్ని వారాలు పడుతుంది. ఈ రెండూ తన చేతికి వచ్చిన రోజు మనిషి మారిపోతాడు. నలుగురిలో కూర్చోగలడు, బస్సెక్కగలడు, గుళ్లోకి పోవాలనిపిస్తే పోగలడు. ఎప్పుడేమవుతుందోనన్న టెన్షన్‌తో ఉన్నవాడికి భజన వినిపించదు.

ఇక నవ్వు. నాకు పడ్డాక మొదటిసారి నవ్వొచ్చింది ఎనిమిది నెలలకు. మా చిన్నాయన కొడుకు నన్ను ఆటోలో వెనక సీట్లో కూర్చోబెట్టి, పడకుండా తువ్వాలతో కట్టి కల్లు మండువకు తీసుకుపోతున్నాడు. రెండు కిలోమీటర్లు పోయాక వెనక నుంచి ఎవరో సైకిల్ మీద అరుచుకుంటూ వచ్చి ఒంటి చెప్పు చేతికిచ్చి, ఇంతసేపు పిలుస్తుంటే వినపడదా, కాలి చెప్పు జారిపోతే కూడా తెలవదా అని తిట్టాడు. కాలికే తెలవకపోతే నాకెట్ల తెలుస్తదన్నా అన్నాను. ఆయన మొహం చూడాలి. మా తమ్ముడు ఆటో పక్కకు ఆపి నవ్వాడు, నేనూ నవ్వాను, ఆయనా నవ్వాడు పాపం, తర్వాత సంగతి తెలిసి ఏడ్చాడనుకోండి. ఇంటికెళ్లి పడుకున్నాక తప్పు చేసినట్టు అనిపించింది, ఇట్లాంటి బతుక్కి నవ్వెందుకు అని. మీ వాడు నవ్విన రోజు కూడా అలాగే అనిపిస్తుంది. ఆ రోజు మీరు చూశారా నవ్వాడు నవ్వాడు అని ఊరంతా ఫోన్లు చెయ్యకండి. చూడనట్టే ఉండండి.

దీని మీద లెక్కలు కూడా ఉన్నాయి. 1978లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో లాటరీ గెలిచిన 22 మందినీ, ప్రమాదంలో ఒళ్లు చచ్చుబడ్డ 29 మందినీ, పక్కన మామూలు మనుషుల్నీ పెట్టి ఎంత సంతోషంగా ఉన్నారని అడిగారు. కొంతకాలానికి అందరూ ఒకటే అయిపోతారని తేలినట్టు వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది అబద్ధం. అయిదుకి లాటరీ వాళ్లు 4, మామూలు వాళ్లు 3.82, దెబ్బ తగిలిన వాళ్లు 2.96. తేడా ఉంది, లేదని ఎవరైనా అంటే మీ వాడికి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. నాకు నచ్చింది ఏంటంటే ఆ 2.96 సున్నా కాదు, సగం కంటే పైన. ఇంకో సంగతి, స్నేహితుడితో మాట్లాడటం, టీవీ చూడటం లాంటి చిన్న చిన్న సంతోషాలెంత అని అడిగితే లాటరీ వాళ్లు మామూలు వాళ్లకంటే వెనకబడ్డారు. మీ వాణ్ణి ఇప్పుడే 3.82కి లాగాలని చూడకండి.

అమ్మ మొక్కుల దగ్గరికి వస్తే, మొక్కు ఆమెకు ఊపిరి, ఆపమనకండి. కానీ ఏం మొక్కుతోందో వాడి చెవిన పడనివ్వొద్దు. "వాడు నడిచొచ్చి నీ మెట్లెక్కుతాడు స్వామీ" అని రోజూ పక్క గదిలోంచి వినపడుతుంటే, నడవని ప్రతి రోజూ అటు స్వామీ ఓడినట్టు, ఇటు తనూ ఓడినట్టు ఉంటుంది వాడికి. మా అమ్మ కూడా ఇదే మొక్కు, నన్ను నడిపించుకుంటూ గుట్టకు తీసుకొస్తానని. ఎనిమిదేళ్లు ఆ మొక్కు ఆమె మెడలో బండలా వేలాడింది. ఆమెకు ఒంట్లో బాగుండక 2013లో నేనే అన్నాను, నడిచి కాదమ్మా, కూర్చునే వస్తా పద అని. ఘాట్ రోడ్డు మీద కారులో పోయి, మెట్ల దగ్గర నలుగురు పిల్లలు కుర్చీతో సహా లేపారు. లోపల అమ్మ స్వామికి నన్ను చూపించి, పిల్లవాణ్ణి తెచ్చిన, మాట మారింది ఏమనుకోకు అంది. పక్కింటివాళ్లకు బాకీ తక్కువిచ్చి సర్దుకోమన్నట్టు! ఆ రాత్రి నిద్రపోయింది మనిషి. తర్వాత ఏడాదే పోయింది. మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి. మొక్కు మార్చుకోవచ్చు, స్వామికి ఆ మాత్రం లెక్క తెలుసు.

చుట్టాలతో మాత్రం మొహమాటం వద్దు. పూర్వజన్మ పాపం అనేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి. దేవుడు నిన్నే ఎంచుకున్నాడు, నీతో ఏదో గొప్ప పని చేయిస్తాడు అనేవాళ్లను కూడా, వాళ్లు మంచివాళ్లే, అయినా సరే. కాళ్లూ చేతులూ లేనివాళ్లు ఈత కొట్టే వీడియోలు పంపేవాళ్లను గ్రూపులోంచి తీసెయ్యండి.

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, ఆరు నెలల్లో నిలబెడతాం, ఇన్ని లక్షలు అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బుల లాంటి కొన్నిటికే అది చికిత్స, మిగతా వాటికి పరిశోధన మాత్రమే, పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఎకరం అమ్మి కట్టారు. పిల్లవాడు లేవలేదు సరికదా, ఎకరం పోయిందన్న దిగులు వాడి నెత్తినే పడింది.

కోపం గురించి. నేను పడ్డ రోజు పొద్దున కూడా చెట్టుకు చెయ్యి తాకించి, మా గీత కార్మికుల దేవుడు కాటమయ్యకు మొక్కే ఎక్కాను. మా వాళ్లెవరూ ఆయన్ను తలుచుకోకుండా ఎక్కరు, 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకిచ్చిన సేఫ్టీ కిట్టుకు కూడా కాటమయ్య రక్షణ కవచం అనే పేరు పెట్టారు. మొక్కనివాడు పడితే ఒక లెక్క, మొక్కి ఎక్కినవాణ్ణి నన్నెందుకు వదిలేశావు? ఏళ్ల తరబడి ఇదే. మంచంలో పడుకుని తిట్టని తిట్టు లేదు. అదంతా ఎవరితో మాట్లాడుతున్నాననే సంగతి మాత్రం అప్పట్లో తట్టలేదు. లేడనుకున్నవాణ్ణి ఎవరూ అంతసేపు తిట్టరు కదా.

మన తెలుగులో దేవుణ్ణి తిట్టడం కొత్తేమీ కాదు. గోల్కొండ జైల్లో దెబ్బలు తిన్న కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, రాముణ్ణి పట్టుకుని ఎవడబ్బ సొమ్మని అని అడిగాడు, భద్రాచలంలో ఆ పాటల్నే భక్తిగా పాడుకుంటున్నాం. మొసలి నోట్లో కాలున్న ఏనుగు కూడా, బడిలో అందరం బట్టీ పట్టిందే, వాడు ఉన్నాడంటారు, అసలు "కలడో లేడో" అంది. అనుమానపడ్డావు కాబట్టి రానని విష్ణువు అనలేదుగా. ఆస్పత్రిలో నా పక్క మంచం అతను క్రిస్టియన్, మిర్యాలగూడ వైపు. ఇంటివాళ్లు అతణ్ణి స్వస్థత కూటాలకు మూడుసార్లు తీసుకుపోయారు, లేచి నడువు అంటే లేవలేక మూడుసార్లూ అందరి ముందూ కూర్చుని ఉండిపోయాడు. నాలుగోసారి రానని తలుపేసుకున్నాడు. బైబిల్లో నచ్చిన వాక్యం ఒక్కటే ఉందనేవాడు, కీర్తనల్లోది, "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని. ఇప్పుడు వాళ్ల చర్చిలో ఆదివారం డోలక్ అతనిదే. మీ వాడు తిడితే తిట్టనివ్వండి, చెంపలేసుకోమనకండి.

నాకు తిరిగొచ్చిన నమ్మకం ఎట్లాంటిదో కూడా చెప్పాలి, పాతదే తిరిగొస్తుందని మీరు ఎదురుచూస్తారేమోనని. నేను ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే నాయిన మళ్లీ చెట్టెక్కే మోకు భుజానేసుకుని బయల్దేరాడు, అప్పులున్నాయి మరి. రోజూ ఎప్పటిలాగే చెట్టుకు చెయ్యి పెట్టి మొక్కి ఎక్కుతున్నాడని తెలిసి నాకు అరికాలి మంట, అరికాలు లేకపోయినా. నీ కొడుకును పడేసినోడికి ఇంకా ఏమని మొక్కుతున్నవు, పడనియ్యకనా అని ఒకరోజు గట్టిగా అడిగాను. ఆయన కత్తి నూరుకుంటున్నాడు. తలెత్తకుండానే, "పడొద్దని ఎన్నడు మొక్కలేదురా. ఎక్కేటప్పుడు చేతులు వణకొద్దని మొక్కుత" అన్నాడు. ఇంకేం చెప్పలేదు, మళ్లీ నూరుకున్నాడు.

అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు, ముసలాయన చాదస్తం అనుకున్నాను. మంచం మీంచి కుర్చీలోకి నా అంతట నేను జరగడం నేర్చుకునేటప్పుడు ఎక్కింది. మధ్యలో చెక్క పెట్టి, ఒక చెయ్యి పరుపు మీద, ఒక చెయ్యి చక్రం పక్కన, ఒళ్లంతా ఆ రెండు చేతుల మీద లేవాలి. చేతులు వణికాయా, కిందే. రెండుసార్లు పడ్డాను. మూడోసారి చక్రం మీద చెయ్యి పెట్టి, ఎందుకో తెలియదు, చెట్టుకు పెట్టినట్టే ఒక్క క్షణం ఆగాను. ఇప్పటికీ రోజూ పొద్దున ఆగుతాను. కాళ్లు అడగను. ఆ క్షణం మాత్రం నేనొక్కణ్ణే లేవడం లేదనిపిస్తుంది, దాన్నే నమ్మకం అనుకుంటున్నాను, వేరే పేరుంటే పెట్టుకోండి.

అందరికీ ఇది రాదు. నాకు దగ్గరి మిత్రుడొకరు, టీచర్, మూడు చక్రాల స్కూటర్ మీద బడికి పోతాడు, దేవుడనే మాటెత్తితే నవ్వేస్తాడు. నాకంటే హాయిగా ఉంటాడు. మీ తమ్ముడు అలా తేలినా మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు.

చేతికి పని, సొంత డబ్బు, ఈ రెండిటికీ తొందరపడొచ్చు. వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు స్లాట్ బుక్ చేసి, ఆ సర్టిఫికెట్ తీసుకోండి. తెలంగాణలో వికలాంగుల పెన్షన్ 2023 నుంచి 4,016 రూపాయలు. ఏపీలో అయితే 2024 జూలై నుంచి 6,000, పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైన వాళ్లకు 15,000. డబ్బు వాడి ఖాతాలో, కార్డు వాడి చేతిలో ఉండాలి, చెల్లెమ్మా. నేను డీటీపీ నేర్చుకుని మొదటి పెళ్లి కార్డు కొట్టినప్పుడు వరుడి పేరు ఉండాల్సిన చోట వాళ్ల బాబాయి పేరు పడింది, ఇంకా నయం ప్రింటుకు పోకముందే చూశారు. ఆ తిట్లు తింటున్నప్పుడు నాకు లోపల ఎంత బాగుందో చెప్పలేను. రెండేళ్లలో నా సంగతి తెలిసి కూడా పాపం అనకుండా తిట్టిన మొదటి మనుషులు వాళ్లే.

ఒక్కటి మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. తిండి పూర్తిగా మానేసినా, నిద్ర పోకపోయినా, నేను పోతే మీకు భారం తగ్గుతుంది లాంటి మాట ఒక్కసారి అన్నా అది కోపం కాదు, జబ్బు, మందులున్నాయి. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, రాత్రి పూట అయినా 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ పుండు నాలుగు నెలల్లో నన్ను మందులే కాపాడాయి, అది ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

నాతో మాట్లాడించాలని ఉంటే నంబర్ ఇస్తాను, కానీ మీరు కలిపి ఫోన్ చేతికివ్వొద్దు. నంబర్ కాగితం మీద రాసి మంచం పక్కన పెట్టండి చాలు, ఆర్నెల్లకు చేసినా సరే.

ఇంక ఆ ఫోటో ఎక్కడ పెట్టారో మాత్రం గుర్తుంచుకోండి. నా క్యాలెండర్ నేను మళ్లీ అడిగింది ఏడేళ్లకు, 2012లో. అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి పోయి బియ్యం డబ్బా వెనక నుంచి తీసిచ్చింది. ఆగస్టు పేజీయే ఉంది. ఇప్పుడు షాపులో ప్రింటర్ పైన తగిలించాను. జిరాక్స్‌లకొచ్చే కాలేజీ పిల్లలు, అన్నా 2005 క్యాలెండర్ ఇంకా మార్చవా, అని వారానికొకరైనా అడుగుతారు.